వందోసారి కూడా "మళ్లీ చదువు" అనిపించుకునే పిల్లల పుస్తకం రాయడం ఎలా?

పెద్దవాళ్లు నచ్చిన పుస్తకాన్ని ఒకసారి చదివి అలమరలో పెడతారు. చిన్నపిల్లలు అలా కాదు. చివరి పేజీ అయిపోగానే పుస్తకాన్ని మళ్లీ మొదటికి తిప్పి, మన ఒళ్లో పెట్టి "మళ్లీ" అంటారు. ఆ రాత్రి మళ్లీ, మర్నాడు మళ్లీ, అట్ట ఊడేదాకా మళ్లీ. కథలో ఏం జరుగుతుందో అప్పటికే వాళ్లకు తెలుసు. అయినా కావాలంటున్నారంటే, "తర్వాత ఏమైంది" అనే కుతూహలం కంటే బలమైనదేదో ఆ పుస్తకంలో ఉందన్నమాట. పిల్లల పుస్తకం నిలుస్తుందా లేదా అన్నది తేలేది మొదటిసారి చదివినప్పుడు కాదు, ఇరవయ్యోసారి చదివినప్పుడు.

అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టునూ ఆ ఒక్క మాటతోనే కొలుస్తాను: ఇది "మళ్లీ" అనిపిస్తుందా? ఎక్కువగా 3 నుంచి 8 ఏళ్ల పిల్లల బొమ్మల పుస్తకాల గురించే చెబుతాను. వాటిలో ఒక్క వాక్యం ఎక్కువైనా తెలిసిపోతుంది కాబట్టి, అక్కడ నేర్చుకున్నది పెద్దపిల్లల పుస్తకాలకూ పనికొస్తుంది. మాటలతో చెబితే సగమే అర్థమవుతుంది కనుక, ఒక చిన్న కథను మొదటి నుంచి చివరిదాకా మనతో పాటే కట్టుకుంటూ వెళ్దాం.

మొదటి మెట్టు: ఒక్క బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకోండి

"పిల్లల కోసం రాస్తున్నాను" అనుకుంటే ఎవరి కోసమూ రాయలేం. నాలుగేళ్ల బిడ్డకూ ఏడేళ్ల బిడ్డకూ మధ్య చాలా దూరం ఉంది. నాలుగేళ్ల బిడ్డకు "రేపు" అనేది అంతు తెలియని దూరం. ఏడేళ్ల బిడ్డ అన్యాయాన్ని వెంటనే పసిగడుతుంది, పెద్దవాళ్ల మాటల్లో తేడా పట్టుకుంటుంది. కాబట్టి మీకు బాగా తెలిసిన ఒక్క బిడ్డను తలుచుకోండి. ఎవరూ లేకపోతే ఆ వయసులో ఉన్న మిమ్మల్నే తలుచుకోండి. ఆ బిడ్డ ఎక్కడ నవ్వుతుంది, ఎక్కడ కిటికీ వైపు చూస్తుంది అని అనుకుంటూ రాయండి.

బీట్రిక్స్ పాటర్ రాసిన కుందేలు కథ "ద టేల్ ఆఫ్ పీటర్ రాబిట్" పుస్తకంగా పుట్టలేదు. 1893లో, తనకు ఒకప్పుడు చదువు చెప్పిన టీచర్ కొడుకు జబ్బుపడి మంచం మీద ఉంటే, ఆ ఐదేళ్ల పిల్లాడికి ఆవిడ బొమ్మలు గీసి రాసిన ఉత్తరం అది. తర్వాత దాన్ని పుస్తకంగా మార్చి ప్రచురణకర్తలకు చూపిస్తే వద్దన్నారు. 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించుకున్నారు. మరుసటి ఏడాది ఒక ప్రచురణ సంస్థ రంగుల్లో తెచ్చింది, అప్పటి నుంచి ఆ పుస్తకం ఆగలేదు. చిన్న చేతుల్లో ఇమిడేలా పుస్తకం చిన్న సైజులో ఉండాలని కూడా ఆవిడ పట్టుబట్టారు. ఒక్క పిల్లాడి కోసం రాసిన ఉత్తరం అంతమంది పిల్లలకు చేరడం నాకు వింతగా అనిపించదు. ఒకరితో మాట్లాడుతున్న గొంతుకు ఉండే చనువు, గుంపుతో మాట్లాడే గొంతుకు రాదు.

రెండో మెట్టు: నీతితో కాదు, గుండెలో గుచ్చుకున్న దానితో మొదలుపెట్టండి

కొత్తగా రాసేవాళ్ల కాగితాలు చదివినప్పుడల్లా నాకు ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఒకటే. కథ రాకముందే నీతి వచ్చేసి ఉంటుంది. "పంచుకోవడం మంచిదని చెప్పాలి" అని మొదలుపెడతారు, దానికి తగ్గట్టు ఒక పిల్లాడిని చెడ్డగా ప్రవర్తింపజేస్తారు, ఒక పెద్దాయనతో మంచి మాటలు చెప్పిస్తారు, పిల్లాడు మారిపోతాడు. ఇలాంటి పుస్తకాన్ని పెద్దవాళ్లు కొంటారు. పిల్లలు మర్యాదగా వింటారు. "మళ్లీ" మాత్రం అనరు. తమను సరిదిద్దడానికే ఆ పుస్తకం వచ్చిందని రెండో పేజీలోనే వాళ్లకు తెలిసిపోతుంది.

నీతి ఉండకూడదని నేను అనడం లేదు. అది కథలోంచి రావాలి, కథ దాంట్లోంచి రాకూడదు. అందుకు ఒక అభ్యాసం చెబుతాను. ఒక తెల్లకాగితం తీసుకుని, ఏడేళ్లలోపు మీరు ఏడ్చిన, భయపడ్డ, కుళ్లుకున్న, గర్వపడ్డ సందర్భాలు పది రాయండి. ప్రతిదాని పక్కనా ఒక వస్తువు పేరు రాయండి: విరిగిన పెన్సిలు, ఎవరో ఎత్తుకెళ్లిన బంతి, తాళం పడిన తలుపు. వస్తువు గుర్తుకు రాకపోతే ఆ సందర్భాన్ని వదిలేయండి. పిల్లలకు భావం అనేది గాల్లో ఉండదు, చేతికి తగిలే ఒక వస్తువులో ఉంటుంది.

మన కథకు నేను ఇది తీసుకుంటున్నాను: బిగుతైపోయిన చొక్కా. మిన్ను అనే ఆరేళ్ల పాపకు ఒక పసుపు చొక్కా అంటే ప్రాణం. అది ఇక పట్టడం లేదు. "తమ్ముడికి సరిపోతుందిలే" అంటుంది అమ్మ. మిన్నుకు అది ఇవ్వడం ఇష్టం లేదు. అంతే. ఇందులో పంచుకోవడం ఉంది, ఎదగడం ఉంది, తమ్ముడి మీద అసూయ ఉంది. ఆ మాటల్లో ఒక్కటి కూడా పుస్తకంలో కనిపించదు.

మూడో మెట్టు: దారి బిడ్డే వెతుక్కోవాలి

కథలో చిక్కుముడి పడినప్పుడు అమ్మో, నాన్నో, టీచరో వచ్చి విప్పితే ఆ కథ వాళ్లది అయిపోతుంది. నిజజీవితంలో పిల్లల చేతిలో నిర్ణయాలు చాలా తక్కువ. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎక్కడికి వెళ్లాలో అన్నీ ఇంకొకరే చెబుతారు. కథలోనైనా ఆ అధికారం వాళ్ల చేతికి ఇవ్వాలి. పెద్దవాళ్లను కథలోంచి తరిమేయక్కర్లేదు. వాళ్లు చిక్కు తెచ్చిపెట్టవచ్చు, తోడుగా నిలబడవచ్చు. విప్పడం మాత్రం బిడ్డ వంతు.

రెండో సంగతి: బిడ్డ విప్పే తీరు ఆ వయసు బిడ్డకు చేతనైనదే అయి ఉండాలి. మిన్ను ఏం చేయగలదు? దాచగలదు. మంచం కింద దాస్తుంది, తమ్ముడు పాక్కుంటూ వెళ్లి పట్టేస్తాడు. పెట్టె అడుగున దాస్తుంది, వాడు పెట్టె బోర్లిస్తాడు. తనే వేసుకుని పైన ఇంకో చొక్కా తొడుక్కుంటుంది, ఊపిరాడదు. మూడుసార్లు ప్రయత్నం, మూడుసార్లూ ఓటమి. జానపద కథల్లో ఈ మూడు అనే లెక్క ఊరికే రాలేదు. మొదటిసారి సంగతి తెలుస్తుంది, రెండోసారి పద్ధతి తెలుస్తుంది, మూడోసారి ఆ పద్ధతి తప్పుతుందని బిడ్డ ఎదురుచూస్తుంది.

చివరికి చొక్కా తమ్ముడి చేతిలో పడుతుంది. వాడు తొడుక్కోబోయి అందులో చిక్కుకుపోతాడు, బొత్తాలు పెట్టుకోవడం రాదు. మిన్నుకు వచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అమ్మ ఒక్క మాట కూడా చెప్పలేదు. చొక్కాను వదులుకున్నది మిన్నే, అదీ తనకు వచ్చిన పని చేస్తూ. చొక్కా చిన్నదైపోయిన బాధలో ఉన్న పాపకు, తాను పెద్దదాన్నయ్యానని తన వేళ్లే చెప్పాయి.

నాలుగో మెట్టు: కాగితాలు మడిచి డమ్మీ (నమూనా పుస్తకం) తయారు చేసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలు ఉంటుంది. కారణం అచ్చు యంత్రమే. పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరిస్తే 8 లేదా 16 పేజీలు వస్తాయి. ప్రెస్సువాళ్లు దాన్ని ఫారం అంటారు. కాబట్టి పుస్తకం ఆ లెక్కల్లోనే పెరుగుతుంది: 16, 24, 32, 40. పేరు పేజీకి, ప్రచురణ వివరాలకు, అంకితానికి కొన్ని పోతే, కథకు మిగిలేది సుమారు 12 నుంచి 14 జంట పేజీలు (తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండేసి పేజీలు). అంటే మీ కథ మొత్తం 12 నుంచి 14 దృశ్యాలు. అంతే చోటు. ఈ లెక్క తెలియక రాసిన కథలు చాలాసార్లు మూడు దృశ్యాల్లో ముగుస్తాయి, లేదా ముప్ఫై దృశ్యాలు అడుగుతాయి.

ఎనిమిది కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి సగానికి మడవండి. 32 పేజీల పుస్తకం మీ చేతిలో ఉంటుంది. పేజీల సంఖ్యలు వేయండి. మొదటి మూడు పేజీలు వదిలేసి, మీ కథను వాక్యం వాక్యంగా ఏ పేజీలో ఏది వస్తుందో పెన్సిలుతో రాయండి. బొమ్మలు గీయడం రాకపోయినా పర్లేదు, "మిన్ను మంచం కింద, కాళ్లు మాత్రమే కనిపిస్తాయి" అని ఒక గీతతో గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు దాన్ని చేత్తో తిప్పుతూ చదవండి. కంప్యూటర్ తెర మీద ఎప్పటికీ కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది: పేజీ తిప్పడం. కుడివైపు పేజీ చివరి వాక్యానికీ, తిప్పాక వచ్చే ఎడమ పేజీ మొదటి వాక్యానికీ మధ్య ఒక చిన్న విరామం ఉంది. ఆ క్షణంలో బిడ్డ ఊపిరి బిగబట్టాలి. మన కథలో కుడి పేజీ చివర ఇలా ఉంటుంది:

"మంచం కింద దాచేసింది మిన్ను. అక్కడైతే ఎవరూ చూడరు."

తిప్పితే, మంచం కింద తమ్ముడు.

అదే రెండూ ఎదురెదురు పేజీల్లో ఉంటే? బిడ్డ కళ్లు ముందే బొమ్మ మీద పడతాయి. ఆ సరదా పోతుంది. వాక్యం మారలేదు, చోటు మారింది. నేను డమ్మీ చేసినప్పుడల్లా కనీసం మూడు నాలుగు వాక్యాలు ఇలా ఒక పేజీ వెనక్కో ముందుకో జరుగుతాయి.

డమ్మీలో ఇంకొకటి కూడా చూసుకోండి. వరసగా రెండు జంట పేజీల్లో ఒకే గది, ఒకే మనుషులు, ఒకే పని ఉంటే బొమ్మలు వేసేవారికి గీయడానికి ఏమీ ఉండదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే దృశ్యం నవలలో నడుస్తుంది. బొమ్మల పుస్తకంలో అది ఆగిపోయిన పేజీ.

ఐదో మెట్టు: బొమ్మ చెప్పేది మీరు చెప్పకండి

"మిన్ను పసుపు రంగు చొక్కా వేసుకుని, రెండు జడలతో, కిటికీ పక్కన నిలబడింది." ఇందులో పేరు తప్ప పుస్తకానికి కావలసిన మాట ఒక్కటీ లేదు, మిగతావన్నీ బొమ్మలో ఉంటాయి. బొమ్మ చెప్పలేనివి మాత్రమే రాయండి: శబ్దం, వాసన, కాలం, మనసులో మాట, పేరు.

ఇంతకంటే మంచి పద్ధతి ఒకటుంది. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకొకటి చెప్పాలి. "మిన్నుకు అస్సలు బాధ లేదు" అని మీరు రాస్తారు. బొమ్మలో మిన్ను చొక్కాలో ముఖం దాచుకుని ఉంటుంది. చదవడం రాని బిడ్డ, చదివి వినిపిస్తున్న పెద్దవాళ్ల కంటే ముందే నిజం పట్టుకుంటుంది. "కాదు, ఏడుస్తోంది!" అని అరుస్తుంది. పుస్తకంలో తనకు మాత్రమే తెలిసిన రహస్యం ఉన్న బిడ్డ ఆ పుస్తకాన్ని వదలదు.

మోరిస్ సెండాక్ 1963లో చేసిన "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్" మొత్తం 338 మాటలే. కోపంలో ఉన్న పిల్లాడి ఊహ పెరిగేకొద్దీ పేజీల్లో బొమ్మలు పెద్దవవుతాయి, అంచుల్లో తెల్లని చోటు తగ్గిపోతుంది. ఊహ పూర్తిగా నిండిన చోట మూడు జంట పేజీల్లో ఒక్క మాట కూడా ఉండదు. తర్వాత బొమ్మలు మళ్లీ తగ్గుతాయి. రచయిత వెనక్కి తగ్గిన చోటే బిడ్డ తన సొంత మాటలు పెట్టుకుంటుంది. మీ డమ్మీలో కూడా ఒక్క జంట పేజీనైనా మాటల్లేకుండా వదలగలరేమో చూడండి. మన కథలో అయితే తమ్ముడు చొక్కాలో చిక్కుకున్న పేజీ అది.

ఆరో మెట్టు: చెవికి రాయండి

ఈ పుస్తకాన్ని చదివేది ఒకరు, వినేది ఇంకొకరు. రోజంతా పనిచేసి అలసిపోయిన మనిషి, నిద్రమత్తులో, యాభయ్యోసారి చదువుతున్నా నాలుక తడబడకూడదు. విసుగు రాకూడదు. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ప్రాస. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది కాబట్టి అంత్యప్రాస దానంతట అదే వచ్చి పడుతుంది. "పిల్లి వచ్చింది, గోడ ఎక్కింది, కిందికి దూకింది, పారిపోయింది." ఇది ప్రాసలా వినిపిస్తుంది కానీ కష్టపడి తెచ్చింది కాదు, వ్యాకరణం ఉచితంగా ఇచ్చింది. పది వాక్యాలు ఇలా నడిస్తే వినేవాళ్లకు నిద్రొస్తుంది. మన భాషకు ఇంతకంటే గొప్ప సొత్తు రెండో అక్షరంలో ఉంది. పద్యాల్లో ప్రాస అంటే అదే కదా. మిన్ను చొక్కా దాచే పేజీకి ఇలా రాసుకుందాం:

చిట్టి మడత, పొట్టి మడత,
పెట్టె లోన గట్టి మడత.

చప్పట్లు కొడుతూ చదవండి. చిట్టి, మడత, పొట్టి, మడత, పెట్టె, లోన, గట్టి, మడత. ప్రతి ముక్కకూ మూడు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సమయం). ఎక్కడా మాత్ర ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. నేను మొదట "పెట్టె అడుగున గట్టి మడత" అని రాసుకున్నాను, అర్థానికి అదే బాగుంది. చదివితే ఆ చోట నాలుక ఒక మాత్ర ఎక్కువ పరిగెత్తాల్సి వచ్చింది, మార్చేశాను. ఛందస్సు పుస్తకాలు చదవక్కర్లేదు. తొడ మీద తాళం వేస్తూ చదివితే చాలు, తప్పిన చోట చెయ్యే ఆగిపోతుంది.

పుస్తకం అంతా ప్రాసలో ఉండాలని మాత్రం అనుకోకండి. ప్రాస కోసం కథను వంచిన పుస్తకాలు చాలా ఉన్నాయి. వచనంలో నడిపి, మళ్లీ మళ్లీ వచ్చే ఒక్క పల్లవిని మాత్రం పట్టుగా రాయండి. మన కథకు పల్లవి ఇది: "ఇది నాది. ఇంకా నాదే." దాచిన ప్రతిసారీ మిన్ను ఆ మాట అంటుంది. రెండోసారికే వింటున్న బిడ్డ గొంతు కలుపుతుంది. పల్లవి వల్ల చదవడం రాని బిడ్డ కూడా పుస్తకం "చదువుతుంది". తానే చదివానన్న ఆ సంతోషం నుంచే "మళ్లీ" వస్తుంది.

ఇక జంటపదాలు. గబగబ, బుడిబుడి, తళతళ, మిలమిల, గలగల, జలజల: మన భాష పిల్లల కోసమే దాచిపెట్టినంత సంపద ఇది. కానీ ఏది ఎక్కడ అన్నది కచ్చితంగా ఉండాలి. పసిబిడ్డ నడక బుడిబుడి. తొందరలో ఉన్నవారి నడక గబగబ. నక్షత్రాలు మిలమిల, తోమిన గిన్నె తళతళ. ఒక పేజీలో ఒక్కటి వాడండి, మూడు వాడితే ఏదీ వినపడదు.

చిక్కు తెచ్చేది ఒకటుంది, జాగ్రత్త. తెలుగులో అమ్మాయికీ, జంతువుకీ, వస్తువుకీ క్రియ ఒక్కలాగే ఉంటుంది: వచ్చింది, దూరింది, పడింది. పైగా మనం కర్తను తరచూ వదిలేస్తాం. "మిన్ను పిల్లి వెనక పరిగెత్తింది. మంచం కింద దూరింది." దూరింది ఎవరు? పెద్దవాళ్లు ఊహించుకుంటారు, నాలుగేళ్ల బిడ్డ ఆగిపోతుంది. అలాంటి చోట పేరు మళ్లీ చెప్పండి. మన కథలో మిన్నుకు తోడు తమ్ముణ్ని పెట్టడం వల్ల "దాచింది", "పట్టేశాడు" అని క్రియే ఎవరిదో చెప్పేస్తుంది. జంతువులే పాత్రలైతే, కోతి "వచ్చిందా" "వచ్చాడా" అన్నది మొదటి పేజీలోనే తేల్చుకుని చివరిదాకా అదే పాటించండి.

వాక్యాల పొడవు గురించి రెండు మాటలు. "వెళ్లిపోవాలనుకుంటున్నాడని" లాంటి మాట తెలుగులో ఒక్క మాటే, కానీ పిల్లలకు అది ఐదు మాటల బరువు. విడదీసి రాయండి: "వెళ్లిపోదాం అనుకున్నాడు." భాష ఇంట్లో మాట్లాడుకునేలా ఉండాలి. "మిక్కిలి సంతసించెను" అని రాస్తే గౌరవం పెరగదు, దూరం పెరుగుతుంది. అలాగని ప్రతి మాటా బిడ్డకు తెలిసినదే కానక్కర్లేదు. పేజీకి ఒక కొత్త మాట వస్తే, దాని అర్థం బొమ్మలోంచి తెలిసిపోతే, పిల్లలు ఆ మాటను దొరికిన గోళీలా జేబులో వేసుకుంటారు.

ఏడో మెట్టు: ఎంత రాయాలి, ఏ అక్షరాలతో రాయాలి

ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలకు 500 మాటల్లోపు అని చెబుతుంటారు. తెలుగులో విభక్తులు మాటలకు అతుక్కుపోతాయి కాబట్టి అదే కథ ఇంకా తక్కువ మాటల్లో వస్తుంది. మాటలు లెక్కపెట్టడం కంటే గడియారం చూడండి. నింపాదిగా, బొమ్మలు చూపిస్తూ చదివితే ఐదారు నిమిషాల్లో అయిపోవాలి. రోజూ రాత్రి మళ్లీ చదవగలిగిన నిడివి అది.

పెద్దవాళ్లు చదివి వినిపించే పుస్తకం వేరు, బిడ్డ తానే కూడబలుక్కుని చదివే పుస్తకం వేరు. రెండోదానికి అక్షరాల లెక్క ముఖ్యం. మొదట గుణింతాలతో వచ్చే మాటలు: గాలి, బడి, మేక. తర్వాత అదే అక్షరం వత్తుగా వచ్చేవి: అమ్మ, చుక్క, చొక్కా. ఆ తర్వాతే వేరే వత్తులు: పుస్తకం, చంద్రుడు. ఏ మెట్టు బిడ్డ కోసం రాస్తున్నారో తేల్చుకుని దాటకుండా రాయడం చాలా కష్టం. డాక్టర్ స్యూస్ 1960లో వచ్చిన "గ్రీన్ ఎగ్స్ అండ్ హ్యామ్" మొత్తాన్ని కేవలం 50 వేర్వేరు మాటలతో రాశారు. అంత బిగించుకున్నా ఆ పుస్తకం పాఠ్యపుస్తకంలా ఉండదు, ఆటలా ఉంటుంది. మాటలు తక్కువైనప్పుడు తిరగేసి మరగేసి వాడక తప్పదు. అలా వాడటంలోనే లయ పుట్టింది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు రాస్తుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: వాళ్లు తమకంటే ఒకటి రెండేళ్లు పెద్ద పిల్లల గురించి చదవాలనుకుంటారు. పదేళ్ల పిల్లల కోసం రాసే కథలో నాయిక పన్నెండేళ్లది కావచ్చు. ఎనిమిదేళ్లది అయితే వాళ్లు ముట్టుకోరు.

ఎనిమిదో మెట్టు: త్వరగా పాతబడేవి తీసేయండి

ఫోన్ మోడళ్లు, యాప్‌ల పేర్లు, ఈ ఏడాది వాడుకలోకి వచ్చిన ఊతపదాలు, ఇప్పుడు పేరున్న ఆటగాళ్లు. పదేళ్ల తర్వాత ఆ పేజీ వివరణ అడుగుతుంది. కథకు ఫోన్ కావాలంటే ఫోన్ అనే రాయండి, చాలు. పిల్లల మనసులోని సంగతులు మాత్రం పాతబడవు. దారి తప్పిపోతానేమోనన్న భయం, నన్ను మర్చిపోయారన్న కోపం, మొదటిసారి ఒంటరిగా ఒక పని చేసిన గర్వం: వీటికి ఏ కాలమైనా ఒకటే.

మీరు రాసింది ఎవరినైనా నొప్పిస్తుందా అన్నది కూడా ఇక్కడే చూసుకోండి. లావుగా ఉన్న పిల్లాణ్ని, నత్తిగా మాట్లాడే పిల్లను నవ్వించడానికి వాడితే, అదే లక్షణం ఉన్న ఒక బిడ్డ ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని వింటూ ఉంటుంది. ఆ ఒక్క బిడ్డ కోసమైనా ఆ పేజీ తీసేయండి.

తొమ్మిదో మెట్టు: ముగింపు

మంచి ముగింపు ముందే కథలో ఉంటుంది, కానీ బిడ్డకు కనిపించి ఉండదు. 1969లో వచ్చిన "ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్" మొదట పుస్తకాల పురుగు కథ. కాగితాలకు పంచింగ్ మెషిన్‌తో కన్నాలు వేస్తుండగా రచయిత ఎరిక్ కార్ల్‌కు ఆ ఆలోచన వచ్చింది. పురుగుకు బదులు గొంగళిపురుగు అయితే ఎలా ఉంటుందని ఎడిటర్ అడిగారు. గొంగళిపురుగు అనగానే సీతాకోకచిలుక వచ్చేసింది, ముగింపు దొరికింది. ముగింపు కుదరడం లేదంటే చాలాసార్లు చివరి పేజీలో తప్పు ఉండదు, మొదటి పేజీలో పాత్ర ఎవరన్నదే తప్పుగా ఉంటుంది. నాకు ముగింపు చిక్కినప్పుడల్లా మొదటి మూడు పేజీలు మళ్లీ తెరుస్తాను.

మన కథ చివర ఏం రాయాలి? "అప్పటి నుంచి మిన్ను తమ్ముడితో అన్నీ పంచుకుంది" అని రాస్తే అంతా పోయింది. పల్లవి దగ్గరికి వెళ్దాం. కథ అంతటా మిన్ను "ఇది నాది. ఇంకా నాదే" అంటూ వచ్చింది. ఐదో బొత్తాం పెట్టాక తమ్ముడు బుడిబుడి అడుగులతో అద్దం దగ్గరికి పరిగెడతాడు. మిన్ను వాణ్ని చూస్తుంది.

"వీడు నావాడు. ఎప్పుడూ నావాడే."

పల్లవి మారింది. కథ అయిపోయింది. పడుకునే ముందు చదివే పుస్తకం అయితే చివరి రెండు పేజీల్లో గొంతు మెల్లగా దిగేలా, చిన్న వాక్యాలతో, మెత్తటి అక్షరాలతో రాయండి. నవ్వించే పుస్తకం అయితే చివరి బొమ్మలో ఒక చిన్న అల్లరి వదలండి: వెనకాల పిల్లి మిన్ను కొత్త చొక్కా మీద పడుకుని ఉంది.

పదో మెట్టు: చదివించి చూడండి

డ్రాఫ్ట్ పూర్తయ్యాక కనీసం రెండు వారాలు దాని మొహం చూడకండి. తర్వాత పరీక్ష రెండు రకాలుగా పెట్టండి.

మొదటిది పెద్దవాళ్లకు. ఆ కథ ఎప్పుడూ చూడని ఒకరి చేతికిచ్చి గట్టిగా చదవమనండి. మీరు ఇంకో కాగితం పట్టుకుని, వాళ్లు తడబడిన చోట, వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోట గీత పెట్టండి. ఏమీ మాట్లాడకండి. మీరే చదివితే తప్పులు వినపడవు, లయ మీ తలలో ముందే ఉంది కాబట్టి.

రెండోది పిల్లలకు. వీలైతే మీకు పరిచయం లేని పిల్లలకు. చదివాక "నచ్చిందా?" అని అడగకండి, పిల్లలు పెద్దవాళ్లను సంతోషపెట్టడానికి అవునంటారు. వాళ్ల ఒళ్లు చూడండి. ముందుకు వంగారా, కాళ్లు ఊపడం మొదలుపెట్టారా, గోడ వైపు చూశారా, పల్లవి దగ్గర పెదాలు కదిలాయా? ఏ పేజీలో ఏం జరిగిందో వెంటనే రాసి పెట్టుకోండి. మర్నాడు "నిన్నటి కథ నాకు చెప్పవా" అని అడగండి. వాళ్లు వదిలేసిన భాగం చాలావరకు కథకు అక్కర్లేనిది. వాళ్లు సొంతంగా కలిపిన భాగం చాలావరకు మీరు రాయాల్సింది. ఒకసారి నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వాన పేజీని వరసగా నలుగురు పిల్లలు మర్చిపోయారు. తీసేయడానికి మనసొప్పలేదు, వారం రోజులు టెన్షన్ పడి తీసేశాను. కథ నడక బాగుపడింది.

పదకొండో మెట్టు: పంపడం, ఆ తర్వాత

ప్రచురణకర్తకు పంపేముందు వాళ్లు ఏ వయసు పుస్తకాలు తెస్తున్నారో, రచనలు ఎలా పంపమంటున్నారో చదవండి. బొమ్మలు మీరే గీసేవారు కాకపోతే, సాధారణంగా మాటలు ఒక్కటే పంపితే చాలు. చిత్రకారులను ఎంచుకోవడం ప్రచురణకర్త పని. ప్రతి పేజీలో బొమ్మ ఎలా ఉండాలో పేరాలు పేరాలుగా రాసి పంపకండి. మాటకూ బొమ్మకూ పొంతన లేనట్టు కావాలనే రాసిన చోట మాత్రం ఒక్క వాక్యంలో సూచించండి. ఒప్పందంలో కాపీరైటు ఎవరిదో, అనువాదం, ఆడియో హక్కులు ఎవరి దగ్గర ఉంటాయో, పుస్తకం అచ్చులో లేకపోతే హక్కులు మీకు తిరిగి వస్తాయో లేదో చూసి సంతకం చేయండి. పది కాలాలు నిలవాలని రాసిన పుస్తకానికి ఈ చివరి అంశం చాలా ముఖ్యం.

చిత్రకారుల దగ్గర నుంచి మొదటి గీతలు వచ్చిన రోజు డమ్మీని మళ్లీ బయటికి తీయండి. ఆ గీతలను పక్కన పెట్టుకుని మీ వాక్యాలన్నీ ఒక్కొక్కటిగా చదవండి. మిన్ను ముఖంలో ఇప్పటికే కనిపిస్తున్న కోపాన్ని మీరు ఇంకా మాటల్లో చెబుతున్నారా? కొట్టేయండి. బొమ్మలో తమ్ముడి చెయ్యి చొక్కా మెడలోంచి బయటికి వచ్చి ఉంటే, "చిక్కుకుపోయాడు" అనే మాట కూడా అక్కర్లేదు. కొట్టేసిన ప్రతిసారీ ఆ పేజీని ముందు పేజీ నుంచి గట్టిగా చదివి, లయ నిలిచిందో లేదో చూసుకోండి.